మగ్గాలు ఆగిన పొద్దు

చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా పోతే ఆ సంగతి నాకు నిద్రలోనే తెలిసిపోయేది.

మంగళగిరిలో మాది నేతవాళ్ళ వీధి. నలభై ఇళ్ళు, ఇంటికి ఒకటో రెండో గుంట మగ్గాలు. తెల్లవారుజామున నాలుగున్నరకే ఎవరో ఒకరు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునేవారు. ఐదు దాటేసరికి వీధి వీధంతా ఒకటే టకటకలు. మా నిద్రా ఆ చప్పుడులోనే, మా చదువూ ఆ చప్పుడులోనే. బంధువులెవరైనా వచ్చి రాత్రి ఉంటే పొద్దున్నే తలపట్టుకుని లేచేవాళ్ళు. మాకు మాత్రం అది ఆగితేనే మెలకువ వచ్చేది. కళ్ళు తెరిచి చూస్తే అమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉండేది. "ఎవరమ్మా?" అంటే, "తెలీదు, మీ నాన్న వెళ్ళాడు చూడ్డానికి" అనేది.

ఒక్క మగ్గం ఆగితే ఎవరూ పట్టించుకోరు. పోగు తెగి ఉంటుంది. ముడి వేసి మళ్ళీ మొదలుపెడతారు. ఇంకాస్త ఎక్కువ ఆగితే నాడెలో కండె అయిపోయి ఉంటుంది. నాడె అంటే అడ్డపోగుని ఇటూ అటూ తీసుకెళ్ళేది, కండె అంటే దాని లోపల నూలు చుట్టి పెట్టేది. మరీ పావుగంట ఆగితే ఆ ఇంట్లో కాఫీ పెట్టారని లెక్క. కానీ అన్నీ ఒకదాని వెనకాల ఒకటి ఆగుతూ వస్తే మాత్రం ఎవరో పోయినట్టే. కబురు ఇంటింటికీ నడిచి వస్తుంటే మగ్గాలు వరసగా నోరు మూసుకునేవి. అది ఏ చివర మొదలైందో విని, మా నాయనమ్మ మంచం మీద నుంచే "అయ్యో, ఫలానా ఆయనే అయి ఉంటాడు" అనేసేది. చాలాసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. పాడె వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ నాడె ముట్టేవారు కాదు. అలా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు.

ఈ ఏడాదిన్నరలో మా వీధిలో ఐదుగురు పోయారు. ఐదు కబుర్లూ నాకు వాట్సాప్‌లోనే వచ్చాయి. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి అలా వచ్చాయని సరిపెట్టుకోవచ్చు. కానీ వీధిలోనే ఉంటున్న అమ్మకి కూడా రెండిళ్ళ అవతలి చావు వాట్సాప్‌లోనే తెలిసింది. ఇప్పుడు మా వీధిలో ఆడుతున్న మగ్గాలు మూడు. ఆగడానికి మగ్గాలంటూ ఉండాలి కదా.

వాళ్ళ పేర్లు రాయను. రాసినా మా వీధివాళ్ళకే సరిగా అర్థం కాదు. మాలో పేర్లు పెట్టి పిలుచుకున్నది తక్కువ. ముప్పై ఏళ్ళు ఎదురింట్లో ఉన్న మనిషి అసలు పేరు, పోయాక సెంటర్‌లో కట్టిన ఫ్లెక్సీ మీద చూసి, "ఈయన పేరు ఇదా!" అనుకున్నవాళ్ళున్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

ముందు పోయింది రాట్నం మామ్మ.

వయసెంతో ఆవిడకే తెలీదు. అడిగితే, "ఉప్పెన వచ్చినప్పుడు మా మూడోవాడు కడుపులో" అనేది. ఉప్పెన అంటే 1977 నవంబరులో దివిసీమను ముంచింది. మావైపు పెద్దవాళ్ళకి క్యాలెండర్ అక్కడ మొదలవుతుంది. మిగతా లెక్క మనమే చేసుకోవాలి. అరుగు మీద గోనెసంచి పరుచుకుని, ముందు రాట్నం పెట్టుకుని, పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి లేచేది. కుడి చేత్తో రాట్నం తిప్పుతుంటే ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి నూలు జారుతూ కండెకి చుట్టుకునేది. ఎనభయ్యో నంబరు నూలంటే సన్నటి నూలు, చేతిలో ఉన్నా ఉన్నట్టు తెలీదు. అంత సన్నటి పోగు కూడా ఏళ్ళ తరబడి జారీ జారీ ఆవిడ ఎడమ చూపుడు వేలి మీద ఒక గాడి పెట్టింది. నేను చిన్నప్పుడు ఆ గాడిలో నా గోరు పెట్టి ఇటూ అటూ జరిపేవాణ్ణి. "గిలిరా సచ్చినోడా" అని నెత్తిన ఒకటి మొట్టేది గానీ చెయ్యి లాక్కునేది కాదు.

చివర్లో కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అంటే భయం. చేయించుకోలేదు. అయినా కండెలు చుట్టడం ఆపలేదు. నూలులో ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ముడి ఉందో ఆ గాడే చెప్పేదట. కళ్ళున్న మా పిన్ని చుట్టిన కండెలు నాడెలో పడి చిక్కుకునేవి గానీ మామ్మవి ఎప్పుడూ చిక్కుకోలేదని నాన్న అనేవాడు. ఈ మాట పిన్ని ముందు అన్నందుకు ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

మామ్మ నోరు గురించి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టే కాదు. కొండమీద పానకాలస్వామి మా ఊరి దేవుడు. బెల్లం పానకం శంఖంతో నోట్లో పోస్తుంటే గుటగుటమని చప్పుడు వినిపిస్తుంది. ఎంత పోసినా సగం తాగి మిగతా సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం. డెబ్భై దాటాక కూడా మామ్మ మెట్ల మీద చేతులు ఆనించుకుంటూ కొండెక్కేది. ఒకసారి సావుకారు కూలి డబ్బుల్లో ఏదో కోత పెట్టి, ఇచ్చిందే ఎక్కువన్నట్టు మాట్లాడాడు. మామ్మ రాట్నం ఆపి, "కొండమీదాయన దేవుడయ్యుండీ సగం తిరిగిస్తాడు. నువ్వు ఆయనకంటే పెద్దోడివా నాయనా?" అంది. వీధంతా ఘొల్లుమంది. ఆ డబ్బులు మాత్రం రాలేదు.

నిద్రలోనే పోయింది. రాట్నాన్ని వాళ్ళ మనవడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టాడు, ఒక హోటల్‌వాళ్ళు రిసెప్షన్‌లో అలంకారానికి కొనుక్కుపోయారు. మంచి రేటే వచ్చిందట. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ పిల్లాడి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకేముంది? మా ఇంటి మగ్గం గుంట పూడ్పించి టైల్స్ వేయించింది నేనే.

మామ్మ పోయిన రెండు నెలలకి లెక్కల బాబాయి.

వరసకి బాబాయి కూడా కాదు. వీధి మొత్తానికి బాబాయే. పదో తరగతి దాకా చదివాడు, ఆ రోజుల్లో మా వీధికి అదే పెద్ద చదువు. మధ్యాహ్నం దాకా మగ్గం, తర్వాత చొక్కా తొడుక్కుని అందరి కాగితాలు రాసేవాడు. రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, నూలు పాస్‌బుక్, పింఛను అర్జీ, ఏదైనా సరే. అంకెలంటే ఆయనకి పిచ్చి. ఎవరైనా కొత్తవాళ్ళు ఊరికి వస్తే కింద గుడి దగ్గరికి తీసుకెళ్ళి గాలిగోపురం చూపించి, "పదకొండు అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807లో మొదలెట్టి 1809కి పూర్తి చేశాడు" అని ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. తలెత్తి చూసే తీరిక కూడా వాళ్ళకి ఇచ్చేవాడు కాదు. నాకు పరీక్షల్లో చరిత్ర తేదీలు ఎప్పుడూ గుర్తుండలేదు, ఈ రెండూ తప్ప.

అంతే గట్టిగా ఆయనకి ఇంకో లెక్క గుర్తు. 1985లో వచ్చిన చట్టంలో చేనేతకే అని 22 రకాల బట్టలు కేటాయించారు, తర్వాత వాటిని 11కి తగ్గించారు. "ఇరవై రెండులో సగం ఎంతరా?" అని మా పిల్లల్ని అడిగేవాడు. పదకొండు అనగానే, "ఆ సగం ఎవడు తిన్నాడో అదీ కనుక్కోండి" అనేవాడు. చేనేతవాళ్ళ నాయకుడు ప్రగడ కోటయ్యగారంటే ఆయనకి దేవుడు. కోటయ్యగారి సభ ఉందంటే చాలు, ఆ రోజు మగ్గం కట్టేసి రైలెక్కి చీరాల వెళ్ళిపోయేవాడు. వాళ్ళావిడ తిట్టేది, సభకి పోతే చీర నడుస్తుందా అని. నిజమే, నడవదు. మా ఇళ్ళల్లో రెండు రోజులకి ఒక చీర దిగితే ఆ వారం అప్పు చేయనక్కర్లేదు.

2013లో మంగళగిరి చీరలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు బాబాయి మైసూర్‌పాక్ కొని ఇంటింటికీ పంచాడు. ఇకమీదట ఎవడు పడితే వాడు నిజాం అంచు వేసేసి మంగళగిరి అని అమ్మడానికి వీల్లేదు, కేసు వేయొచ్చు అని వీధంతా చెప్పాడు. ఆ తర్వాతి వారమే ఎక్కడో మరమగ్గం మీద దించిన చీర అదే అంచుతో, మా కూలిలో మూడో వంతు ధరకి, మా ఊరి షాపులోనే కనపడింది. బాబాయి ఆ చీర కొనుక్కొచ్చి అరుగు మీద పరిచి భూతద్దంతో చూశాడు. ఏమీ అనలేదు. ఆ చీరని తర్వాత వాళ్ళావిడ కర్టెన్లకి వాడేసింది.

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఏడాది బతికాడు. ఒక ఆఫీసు నుంచి ఆయనకి రావాల్సిన డబ్బు ఆ ఏడాదిలోనూ రాలేదు. ఊరంతటికీ అర్జీలు రాసిన మనిషి తన అర్జీ వెనకాల తిరగలేకపోయాడు. పెద్దకర్మ అయ్యాక వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది. బాబాయి బిస్కెట్ డబ్బాలు నాలుగు ఉన్నాయట, నిండా కాగితాలు. పారేయాలంటే మనసొప్పడం లేదు, ఒకసారి చూసి చెప్పన్నయ్యా అంది. వెళ్ళి చూశాను. రాసిన ప్రతి అర్జీకీ కింద కార్బన్ పెట్టి కాపీ తీసిపెట్టాడు. నీలం అక్షరాలు. నలభై ఏళ్ళ కాపీలు. వీధిలో ఎవరికి ఎప్పుడు ఏ కష్టం వచ్చిందో తేదీతో సహా ఆ డబ్బాల్లో ఉంది. మా నాన్నది మూడో డబ్బాలో దొరికింది. నా ఇంటర్ స్కాలర్‌షిప్ కోసం రాసిన అర్జీ. కుటుంబ నెలసరి ఆదాయం అన్నచోట ఒక అంకె వేసి, కొట్టేసి, ఇంకా తక్కువ అంకె వేశాడు. పక్కన చిన్న అక్షరాలతో, "వానాకాలం గుంటలో నీరు, రెండు నెలలు పని లేదు" అని రాశాడు. కింద నాన్న సంతకం. సంతకంలో చివరి అక్షరం ఒంకర పోయింది. నాన్న ఎప్పుడూ అలాగే పెట్టేవాడు.

ఆ కాగితం తెచ్చుకున్నాను. డబ్బాలు ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాయి.

మూడో మనిషి గురించి నేను రాయగలిగింది చాలా తక్కువ. వీధి చివర గదిలో అద్దెకి ఉండేది. నేను ఊరు వదిలాక వచ్చింది. పూలు కట్టి అమ్మేదట. మా అమ్మ చెప్పినదాన్నిబట్టి, 2020 లాక్‌డౌన్‌లో గుళ్ళు మూసేసి పూలు అమ్ముడుపోక కుప్పలుగా ఉండిపోతే, రోజూ సాయంత్రం ప్రతి ఇంటి గడపకీ ఒక మూర తెచ్చి కట్టి వెళ్ళేదట. ఎవరినీ డబ్బులడగలేదు. అప్పుడు నూలు రాక మగ్గాలు కూడా మూగగా ఉన్నాయి. రోజుల తరబడి చప్పుడు లేకపోయేసరికి అమ్మకి రాత్రిళ్ళు నిద్ర పట్టలేదట. ఊరంతా ఎవరో పోయినట్టుంది అని ఫోన్‌లో అనేది. "గుమ్మానికి పూలు చూస్తే కాస్త ధైర్యంగా ఉండేదిరా" అంది మొన్న. ఆవిడ గురించి నాకు తెలిసింది అంతే.

ఇక మావాడు.

వాడి గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఇద్దరం నేతగాళ్ళ పిల్లలమే, ఇద్దరికీ మగ్గం ఇష్టం లేదు. నేను డిగ్రీ చేసి బయటపడ్డాను. వాడు డిగ్రీ తప్పి, ఇరవై ఏళ్ళు నేసి, నడుం నొప్పి పట్టుకున్నాక మానేశాడు. రాజధాని అమరావతి అనేసరికి మా చుట్టుపక్కల భూముల రేట్లు చుక్కలంటాయి, హైవే పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో ఒకదానికి వాడు నైట్ వాచ్‌మన్ అయ్యాడు. "మగ్గంలో అయితే నేనే కదలాలి. ఇక్కడ లిఫ్ట్ కదుల్తుంది, నేను కూర్చుంటా" అని నవ్వేవాడు.

వాడికి ఒక విద్య ఉండేది. క్లాసులో మేస్టారు లేనప్పుడు బెంచీ మీద చేతులతో మగ్గం వాయించేవాడు. ఊరికే మగ్గం కాదు, ఫలానా ఇంటి మగ్గం. ప్రతి మనిషికీ మగ్గం మీద ఒక నడక ఉంటుంది. తాడు లాగితే నాడె పోయే చప్పుడు, పలక వచ్చి అడ్డపోగుని గుద్దే చప్పుడు, కాలు మార్చే చప్పుడు, ఈ మూడింటి మధ్య ఎంత ఎడం ఉంటుందో అది మనిషి మనిషికీ వేరు. వాడు వాయిస్తే మేం ఎవరిదో చెప్పాలి. "లెక్కల బాబాయి!" అంటే, "కాదు, బాబాయి అయితే గుద్దాక ఆగి ఆలోచిస్తాడు" అని మళ్ళీ వాయించేవాడు. నలభై ఇళ్ళవీ వాడి చేతుల్లో ఉండేవి.

నిరుడు ఫాల్గుణంలో తిరునాళ్ళకి వెళ్ళాను. తేరు లాగే రోజు, జనం కిక్కిరిసి ఉన్నారు, ఇద్దరం ఒక సందు మొదట్లో బండి స్టాండ్ వేసుకుని చెరుకు రసం తాగుతున్నాం. తేరు కదిలేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ, వాడు చెయ్యి ఊరుకోక బండి సీటు మీద వాయించడం మొదలెట్టాడు. టక్ టకా. చిన్న ఆగు. టక్. మళ్ళీ టక్ టకా, ఆగు, టక్. నేను గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాన్నకి ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ కాలు తొక్కాల్సి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగేవాడు. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆ ఆగు ఒకటి ఉండేదని నేనే మర్చిపోయాను.

"ఎవరిదో చెప్పు" అన్నాడు.

తేరు కదిలింది. గోవిందా అని జనం అరిచారు. నేను చెప్పనక్కర్లేకపోయింది.

నాలుగు నెలల తర్వాత డ్యూటీలోనే, గేటు దగ్గర కుర్చీలో పోయాడు. గుండెపోటు. నలభై ఏడేళ్ళు. తెల్లారి కార్లు తీయడానికి వచ్చినవాళ్ళు హారన్ కొట్టినా లేవకపోతే నిద్రపోతున్నాడనుకుని కోప్పడ్డారట. ఆ ఫ్లాట్లవాళ్ళు తర్వాత చందాలు వేసి వాళ్ళావిడకి ఇచ్చారు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఐదో ఆయన గంజి తాత. పోయిన నెలలోనే.

గంజి తాత అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలంటే ముందు పడుగు గురించి చెప్పాలి. మగ్గం మీద నిలువుగా ఉండే నూలు పడుగు, అడ్డంగా పడేది పేక. పడుగు నూలుకి గంజి పెట్టకపోతే పలక రాపిడికి తెగిపోతుంది. ఆ పని ఇంట్లో అయ్యేది కాదు, వీధి కావాలి. చీకటితోనే వీధి పొడవునా కర్రలు నిలబెట్టి పడుగుని ఈ చివర నుంచి ఆ చివరకి సాగదీసి కట్టేవారు. వేల పోగులు. గాలికి ఊగుతూ తెల్లటి కాలవలా ఉండేది. బియ్యపు గంజిలో కాస్త కొబ్బరినూనె కలిపి పట్టించి, పెద్ద పీచు కుంచె పట్టుకుని అటొకరు ఇటొకరు దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదరకముందే అవ్వాలి. పోగుకి పోగు అంటుకోకుండా ఆరాలి. ఈలోగా చినుకు పడిందా, గంజీ పోయింది, నూలూ పోయింది, ఆ వారం కూలీ పోయింది. ఎనిమిది మంది ఉంటే గానీ అయ్యే పని కాదు. ఆ ఎనిమిది మందికి పెద్ద మా గంజి తాత. ఆకాశం చూసి, ముక్కుతో గాలి పీల్చి, "ఇవాళ వద్దు" అంటే వద్దు. టీవీలో వాతావరణం చెప్పే ఆవిడ మా వీధిలో ఎవరికీ తెలీదు.

పిల్లలం పడుగు కింద నుంచి వంగి దూరి బడికి పోయేవాళ్ళం. తల తగిలిందా, తాత కేక గాలిగోపురం దాకా వినపడేది. సైకిళ్ళు దిగి నడిపించుకుంటూ పోవాల్సిందే. ఒకసారి ఎవరో కారులో వచ్చి హారన్ మీద హారన్ కొట్టారు. తాత కుంచె ఆపలేదు, తల తిప్పలేదు. "నీ బండికి ఇంకో వీధుంది. ఈ పడుక్కి ఇదొక్కటే" అన్నాడు. కారు వెనక్కి పోయింది. అప్పట్లో కార్లు వెనక్కి పోయేవి.

1991 నాకు బాగా గుర్తు. నూలు ధర మండిపోయింది, మగ్గాలు పడుకున్నాయి. నేతగాళ్ళ ఆకలి చావులని పేపర్లలో రోజూ వచ్చేది. నేతవాళ్ళ కోసం గంజి కేంద్రాలు తెరిచారు. ఆ వార్త లెక్కల బాబాయి అరుగు మీద పైకి చదువుతుంటే గంజి తాత అంతా విని, ఒళ్ళో తువ్వాలు దులుపుకుని లేచాడు. "పడుక్కి పెట్టేది మనిషికి పెడుతున్నార్రా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అది నవ్వడానికి అన్నాడో కాదో ఇప్పటికీ నాకు తెలీదు.

తర్వాత వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది, బళ్ళు వచ్చాయి, ఇంటి ముందు కార్లు నిలిచాయి. పడుగు పరిచే చోటు లేక ఊరి చివర ఖాళీ స్థలానికి తీసుకెళ్ళేవారు. అక్కడా అపార్ట్‌మెంట్ లేచింది. నేను చూసిన ఆఖరి పడుగు ఆరేళ్ళ కిందట, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు. పండగ మర్నాడు కాబట్టి వీధిలో బళ్ళు తక్కువగా ఉన్నాయి, తాత పట్టుబట్టి మన వీధిలోనే వేద్దాం అన్నాడు. ఎనిమిది మంది కావాలంటే దొరికింది ఆరుగురు. తాత, వాళ్ళబ్బాయి, డెబ్భై ఏళ్ళ లెక్కల బాబాయి, కొంగు నడుముకి చుట్టిన మా అమ్మ, నైట్ డ్యూటీ దిగి యూనిఫామ్‌తోనే వచ్చేసిన మావాడు, నేను. రాట్నం మామ్మ అరుగు మీద కూర్చుని కనపడని కళ్ళతో అజమాయిషీ చేసింది. నాకు చివర కర్ర పట్టుకునే పని ఇచ్చారు. బలంగా లాగి పట్టుకున్నాను. పోగులు బిగిశాయి. తాత అంత దూరం నుంచి దువ్వుతూనే చేత్తో తెలుసుకున్నాడు. "బాబూ, లాగకు. ఆపు, చాలు" అని కేకేశాడు. అరగంటకి నా చేతులు వణికాయి. పక్కనుంచి మావాడు వచ్చి కర్ర మీద చెయ్యేసి, "ఆఫీసు చెయ్యి" అన్నాడు.

తాత పోయిన రాత్రే బయల్దేరి పొద్దున్న ఏడింటికి చేరాను. వాకిట్లో పడుకోబెట్టారు. కుంచె గోడకి ఆనించి ఉంది, దానికి అంటుకున్న గంజి ఎప్పుడో ఎండి రాయిలా అయిపోయింది. ఎవరో పెద్దాయన దాన్ని కూడా పాడె మీద పెడదామన్నారు. తాత కొడుకు వద్దన్నాడు. "ఎవరికైనా పనికొస్తుందేమో" అన్నాడు. అక్కడున్నవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కుంచె గోడకే ఉండిపోయింది. మోయడానికి నలుగురు దొరికారు గానీ ఇద్దరు పక్క వీధివాళ్ళు.

స్నానం చేసి ఇంట్లో కూర్చునేసరికి పన్నెండు దాటింది. అమ్మ అన్నం పెట్టింది గానీ తినబుద్ధి కాలేదు. టైల్స్ కింద గుంట ఉన్నచోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీధిలో చడీచప్పుడు లేదు. ఎదురు వరసలో కొత్తగా కాపరానికి వచ్చిన అమ్మాయి ఒకతె నేస్తుంది, డిగ్రీ చదివిందట, ఫోన్‌లోనే ఆర్డర్లు తీసుకుంటుందట. పెళ్ళి ఆర్డరు ఉంది, మర్నాటికి చీర దించాలి. అయినా ఆ రోజు తెల్లవారి నుంచీ మగ్గం ముట్టలేదట. ఎవరూ చెప్పలేదట. అమ్మ చెబుతుంటే విన్నాను.

ఒంటిగంట ప్రాంతంలో చప్పుడు మొదలైంది. ఒక్క మగ్గం. కొత్త చెయ్యి, నడక ఇంకా కుదరలేదు. కాసేపు నడిచి ఆగిపోయింది. నేను తలెత్తి అమ్మ వైపు చూశాను.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే, "పోగు తెగింది పిల్లకి" అంది.